చెవి ఎక్కడ పెట్టాలి?

పోయిన సంక్రాంతికి పాలకొల్లు వెళ్ళినప్పుడు అమ్మమ్మకి కొత్త ఫోన్ పట్టుకెళ్ళాను. ఆవిడ పాత బటన్ల ఫోన్‌లో 5 అంకె నొక్కీ నొక్కీ అరిగిపోయింది. కొత్తదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ముందంతా ఒకే పలక, నల్లటి అద్దం. వెనకంతా నీలం. "బానే ఉందిగానీ, చెవి ఎక్కడ పెట్టాలే?" అంది.

నవ్వేసి, చూపిద్దామని ఫోన్ అందుకున్నాను. నాకూ వెంటనే కనపళ్ళేదు. కిటికీ దగ్గరికెళ్ళి వెలుగుకి వాల్చి చూస్తే, పైన అద్దానికీ ఫ్రేముకీ మధ్య గోరు కూడా దూరని సన్నటి సందు. అమ్మమ్మ చూపుకి అది ఉన్నా లేనట్టే. ఆ ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ ఇంకా స్టూలు మీదే ఉంది. లైను లేదు, ఫోన్ మాత్రం ఉంది, దాని మీద కుట్టు పెట్టిన గుడ్డ కూడా ఉంది. దాని రిసీవర్‌కి చెవి దగ్గర చిల్లులు, నోటి దగ్గర చిల్లులు. ఎవరూ నేర్పక్కర్లేదు. కొత్త ఫోన్‌కి ఆవిడ తనే ఒక దారి కనుక్కుంది: ముఖానికెదురుగా, బొట్టు పెట్టుకునే అద్దంలా పట్టుకుని, స్పీకర్ ఆన్ చేసి మాట్లాడటం. దాంతో మా ఇంటి విషయాలన్నీ వీధికి తెలుస్తున్నాయి.

ఇది జరిగిన నెలకి నా ఫోన్ కిందపడి పై అద్దం పగిలింది. అబిడ్స్ వెనక సందులో ఒక చిన్న కొట్లో డిస్‌ప్లే అలాగే ఉంచి గ్లాస్ ఒక్కటే మార్పించాను. చూడ్డానికి అచ్చం పాతదే. ఇంటికొచ్చాక అమ్మతో మాట్లాడుతుంటే కాల్ దానంతటదే మ్యూట్ అయింది. మళ్ళీ చేస్తే కట్ అయింది. మూడోసారి నా చెంప ఎవరికో వీడియో కాల్ కలిపింది. చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు స్క్రీన్ ఆరిపోవాలి కదా, ఆరట్లేదు.

మర్నాడు తీసుకెళ్తే ఆ అబ్బాయి చెత్తడబ్బాలోంచి నా పాత గ్లాస్ ముక్క వెతికి తీశాడు. కొట్టు గోడకున్న ఏసీ రిమోట్ తీసుకుని, దాని మూతి దగ్గర ఆ ముక్క నల్ల అంచుని అడ్డం పెట్టి, బటన్ నొక్కుతూ తన ఫోన్ కెమెరాలోంచి చూడమన్నాడు. అంచులో ఒక చోట, నా కంటికి కటిక నలుపుగా కనపడే చోట, కెమెరాలో ఊదారంగు చుక్క మిణుకుమిణుకుమంది. కొత్త గ్లాస్‌లలోంచి ఒకటి తీసి పెట్టాడు. ఏమీ లేదు. "రెండూ నలుపే అక్కా. కానీ ఈ నలుపు ఆ నలుపు కాదు," అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని కొన్ని నెలలుగా నేను చదివిందీ తవ్విందీ ఇక్కడ రాస్తున్నాను. మనం రోజుకి వందసార్లు చూసే వస్తువు ఇది. నిజానికి దాన్ని చూడం, దానిలోంచి చూస్తాం. చూడకుండా ఉండేలా దాన్ని తయారుచేయడం ఎంత పనో, ఎవరెవరి పనో, అదే ఈ చరిత్ర.

మొదలు 1800లో ఉంది. విలియం హెర్షెల్ అప్పటికే యురేనస్‌ని కనిపెట్టి పేరు తెచ్చుకున్నవాడు, అంతకుముందు చర్చిలో ఆర్గన్ వాయించినవాడు. పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి, ఏ రంగులో ఎంత వేడి ఉందో థర్మామీటర్లతో కొలుస్తున్నాడు. ఎరుపు దాటాక, ఏ వెలుగూ లేని చోట పెట్టిన థర్మామీటర్ అన్నిటికన్నా ఎక్కువ చూపించింది. కంటికి కనపడని కాంతి ఒకటి ఉందని మనకు తెలిసిన మొదటి సందర్భం అది. దాన్నే ఇప్పుడు పరారుణం అంటున్నాం, ఇన్‌ఫ్రారెడ్.

కనపడని కాంతి ఉందంటే, కనపడే కాంతిని ఆపి దాన్ని మాత్రం పోనిచ్చే పదార్థం కూడా ఉండొచ్చు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన రాబర్ట్ వుడ్ 20వ శతాబ్దం మొదట్లో ఇలాంటి ఒక గాజు చేశాడు. చూస్తే నల్లగా ఉంటుంది. అతినీలలోహిత కాంతి మాత్రం దాన్ని దాటిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుకి కనపడకుండా దీపాలతో సంకేతాలు పంపుకోడానికి పనికొచ్చింది. ఇవతలివాడికి నల్లటి గోడ, అవతలివాడికి తెరిచిన కిటికీ. నా ఫోన్ అంచులో ఉన్నదీ అలాంటి కిటికీయే, కాకపోతే ఈ గోడకి ఇవతల ఉన్నది నేను.

యుద్ధం నుంచి ఇంట్లోకి వచ్చింది టీవీ రిమోట్ ద్వారా. 1956లో జెనిత్ కంపెనీకి రాబర్ట్ ఆడ్లర్ తయారుచేసిన రిమోట్‌లో కాంతి లేదు, బ్యాటరీ కూడా లేదు. బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది, మనిషి చెవికి అందని శబ్దం పుట్టేది. చాలా ఏళ్ళు అదే నడిచింది. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ వచ్చింది. మనం చిన్నప్పుడు చూసిన ప్రతి టీవీకీ ముందు ఒక మూల ముదురు ఎరుపో నలుపో ప్లాస్టిక్ బిళ్ళ ఉండేది, గుర్తుందా? దాని వెనక రిసీవర్. ఆ బిళ్ళ అడ్డం కాదు, దారి. వంటింట్లో ఇండక్షన్ పొయ్యి చూడండి: ఆపేస్తే నల్ల పలక, స్విచ్ వేస్తే అంకెలు దాని లోపల్నుంచి పుట్టుకొస్తాయి. పరిశ్రమలో దీన్ని డెడ్ ఫ్రంట్ అంటారు, చచ్చిన ముఖం అని. పేరు పెట్టినవాళ్ళకి కవిత్వం ఉద్దేశం ఉండి ఉండదు.

ఇంతకీ అసలు గాజు సంగతి. తెలుగులో మనకి అద్దం అంటే చూసుకునేదీ అదే, చూసేదీ అదే. కిటికీ అద్దం, కళ్ళద్దాలు, డ్రెస్సింగ్ టేబుల్ అద్దం, అన్నిటికీ ఒకే మాట. ఫోన్ అద్దానికి ఇంత సరిగ్గా అతికే మాట ఇంకే భాషలో ఉందో నాకు తెలీదు. ఆరితే మన ముఖం, వెలిగితే లోకం.

2007కి ముందు ఫోన్ ముఖం ఎక్కువగా ప్లాస్టిక్కే. ఆ ఏడాది జనవరి 9న స్టీవ్ జాబ్స్ వేదిక మీద చూపించిన మొదటి ఐఫోన్‌కీ ప్లాస్టిక్ తెరే. జేబులో తాళంచెవులతో పాటు వేసుకుంటే గీతలు పడుతున్నాయని, కొట్లలోకి రావడానికి కొద్ది వారాల ముందు గాజుకి మార్చారు. ఆ గాజు న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కంపెనీది. ఆ కంపెనీ 1960ల్లోనే కెమ్‌కోర్ అనే గట్టి గాజు చేసింది, కొనేవాళ్ళు పెద్దగా లేక 1971లో మూలపడేసింది. కిటుకు చెప్పుకోడానికి సులువే. గాజుని దాదాపు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. పైపొరలోంచి చిన్నవైన సోడియం అయాన్లు బయటికి పోతాయి, వాటి చోట్లలోకి పెద్దవైన పొటాషియం అయాన్లు ఎక్కుతాయి. సన్నవాళ్ళు దిగి లావువాళ్ళు ఎక్కిన ఆర్టీసీ బస్సు అనుకోండి. సీట్లు అవే, ఒకళ్ళనొకళ్ళు నొక్కుకుంటూ కూర్చుంటారు. ఆ బిగింపుని దాటుకుని లోపలికి వెళ్ళడం పగులుకి కష్టం.

గాజు పలక తీసే పద్ధతి ఇంకా ముచ్చటైనది. కరిగిన గాజుని ఒక తొట్టిలో పోస్తే, పొయ్యి మీద పాలు పొంగినట్టు రెండు వైపులా పొర్లి, తొట్టి అడుగున మళ్ళీ కలిసి ఒకే పలకగా కిందికి జారుతుంది. పలక రెండు ముఖాలూ గాలిని తప్ప దేన్నీ తాకవు. అందుకే సానపెట్టకుండానే నున్నగా ఉంటాయి. కెంటకీలోని హారడ్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఎల్సీడీ తెరలకి గాజు చేస్తున్న ఫ్యాక్టరీని హడావుడిగా దీనికి మళ్ళించారు. 2007 జూన్ 29కి ఫోన్ దుకాణాల్లోకి వచ్చింది. ఈ కథ మీరు వినే ఉంటారు, జాబ్స్ మొండిపట్టు కథగా. నాకు ఇందులో ఆసక్తి కలిగించినవాళ్ళు వేరే ఉన్నారు.

జౌ చున్‌ఫే హునాన్‌లో ఒక పేద పల్లెలో పుట్టింది. అయిదేళ్ళకి తల్లి పోయింది. తండ్రికి పనిలో జరిగిన ప్రమాదంలో చూపు చాలావరకు పోయింది, వేలు కూడా. 16 ఏళ్ళకి చదువు మానేసి షెన్‌జెన్ ప్రాంతంలో గడియారాల అద్దాలు చేసే ఫ్యాక్టరీలో చేరింది. 1993లో కూడబెట్టిన డబ్బుతో, ఇంటివాళ్ళనే పనివాళ్ళుగా పెట్టుకుని, ఒక అపార్ట్‌మెంట్‌లో సొంతంగా గడియారం అద్దాల పని మొదలుపెట్టింది. గడియారం అద్దానికి కోయడం, అంచులు సానపెట్టడం, వెనకవైపు సిల్క్ స్క్రీన్‌తో రంగు అచ్చువేయడం తెలియాలి. పదేళ్ళ తర్వాత, 2003లో, మోటరోలా వాళ్ళు అడిగారు: రేజర్ వీ3 అనే కొత్త ఫోన్‌కి ప్లాస్టిక్ బదులు గాజు పెట్టాలనుకుంటున్నాం, చేయగలరా? చేసింది. ఆ రేజర్‌ని చూశాకే కార్నింగ్‌లో కూడా, ఫోన్లకి గాజు అమ్ముడుపోతుందేమో, పాత కెమ్‌కోర్‌ని మళ్ళీ తీద్దామా అన్న ఆలోచన మొదలైంది. జౌ చున్‌ఫే కంపెనీ లెన్స్ టెక్నాలజీ 2015లో షెన్‌జెన్ స్టాక్ ఎక్స్చేంజికి ఎక్కినప్పుడు ఆమె చైనాలో అత్యంత సంపన్నురాలైంది. అమెరికా రాసుకున్న చరిత్రలో గాజు కథ కార్నింగ్‌తో మొదలై జాబ్స్‌తో ముగుస్తుంది. కార్నింగ్ పంపేది ఖాళీ పలక. దాన్ని ఫోన్ ముఖంగా మార్చే కోత, చిల్లు, అచ్చు గడియారాల పనివాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన విద్య. నా ఫోన్ చుట్టూ ఉన్న నల్ల అంచు, గాజు వెనకవైపు పొరమీద పొరగా అచ్చేసిన సిరా. పెళ్ళి శుభలేఖలు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్‌కి అది దూరపు చుట్టం.

ఇక్కడ మన వాళ్ళ ప్రస్తావన ఒకటి తగుల్తుంది. 2023లో కార్నింగ్ గొరిల్లా గ్లాస్ ఫ్యాక్టరీ తెలంగాణకి వస్తోందని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. నాలుగైదు నెలలు తిరక్కుండానే, 2024 జనవరిలో, అది తమిళనాడులో పిళ్ళైపాక్కం వెళ్ళిందని తేలింది. అబిడ్స్ సందులో గ్లాస్ మార్చే కుర్రాళ్ళకి ఆ ప్రకటనా తెలీదు, ఆ వెళ్ళిపోవడమూ తెలీదు.

సరే, ఆ రెండు నలుపుల సంగతి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నామని ఫోన్‌కి ఎలా తెలుస్తుంది? చాలా ఫోన్లలో అంచు వెనక ఒక బుల్లి ఎల్ఈడీ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బయటికి పంపుతూ ఉంటుంది, పక్కనే ఒక కన్ను అది తిరిగొస్తుందేమో చూస్తుంటుంది. చెంప దగ్గరికొస్తే కాంతి తగిలి వెనక్కొస్తుంది, స్క్రీన్ ఆరిపోతుంది. మొదటి ఐఫోన్‌లోనే ఇది ఉంది. ఈ ఎల్ఈడీ, కన్ను మనకి కనపడకూడదు. వాటి కాంతి మాత్రం రావాలి, పోవాలి. కాబట్టి అంచంతా ఒక సిరా, ఆ రెండు చుక్కల దగ్గర వేరే సిరా. మన కంటికి అందే 400 నుంచి 700 నానోమీటర్ల దాకా అది ఆపేయాలి, 850 పైన వదిలేయాలి. అది వదలని మామూలు నల్ల సిరా పూస్తే చెంప వచ్చినట్టు ఫోన్‌కి తెలీదు. నా కొత్త గ్లాస్‌లో జరిగింది అదే.

తీరా రెండు సిరాలూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. వాల్చి చూస్తే ఆ చుక్కలు కొంచెం ఊదా ఛాయో ఎర్ర ఛాయో కొడతాయి. దాన్ని చుట్టూ ఉన్న నలుపుతో కలపడమే సగం పని. చీరకి మ్యాచింగ్ బ్లౌజ్ గుడ్డ వెతికినవాళ్ళకి నలుపుల్లో ఎన్ని నలుపులుంటాయో నేను చెప్పక్కర్లేదు. ఇంకో చిక్కు ఉంది. ఎల్ఈడీ పంపిన కాంతిలో కొంత బయటికి పోకుండా గాజు లోపలే తగిలి కంటికి చేరిపోతుంది; చెంప లేకపోయినా ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకని రెంటికీ మధ్య చిన్న రబ్బరు గోడ కడతారు. ముఖం జిడ్డు అంటినా ఆ లెక్క తప్పుతుంది. వెలుతురు కొలిచే సెన్సర్‌ది దీనికి తలకిందులు. దానికి కావలసింది మామూలు వెలుతురే, కాబట్టి దాని ముందున్న నలుపు కొద్ది శాతం కాంతిని దొంగతనంగా లోపలికి రానివ్వాలి.

ఈ పనంతా ఎంత నాజూకైనదో లోకానికి ఒకసారి తెలిసొచ్చింది, తెలుపు వల్ల. 2010 జూన్‌లో ఐఫోన్ 4ని నలుపు, తెలుపు రెండు రంగుల్లో ప్రకటించారు. అంతకుముందు తెల్ల ఐఫోన్ అన్నవాటికి వీపే తెలుపు, ముఖం నలుపే. ముఖం కూడా తెల్లగా చేయడం ఇదే మొదలు. నల్లది ఆ నెల్లోనే వచ్చింది. తెల్లది జులై అన్నారు, తర్వాత ఏడాది చివరికి అన్నారు, ఆ తర్వాత వచ్చే వసంతం అన్నారు. వచ్చింది 2011 ఏప్రిల్ 28న. పది నెలల ఆలస్యం. తెల్ల రంగు వేయడం అనుకున్నంత తేలిక కాదు, ఆ పదార్థం కాలక్రమంలో ఎలా ఉంటుంది, సెన్సర్లతో ఎలా కలిసి పనిచేస్తుంది అన్నవి చూసుకోవాల్సి వచ్చిందని ఆపిల్ తరఫున ఫిల్ షిల్లర్ చెప్పాడు. ఆలోచిస్తే సబబుగానే ఉంది. నలుపు కాంతిని మింగేస్తుంది. తెలుపు చెదరగొడుతుంది, ఇటుదటు అటుదిటు పంపుతుంది. తెల్లగోడ వెనక ఏదన్నా దాచడం నల్లగోడ వెనక దాచడంలాంటిది కాదు. తెల్లది మీద సెన్సర్ చోటు చివరికి చిన్న నల్ల గీతలా కనపడుతూనే ఉండిపోయింది.

దాచిపెట్టిన వాటిలో సెన్సర్లే లేవు. 2012 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం రాసింది. 2007లో ప్లాస్టిక్ నుంచి గాజుకి మారిన ఆ చివరి వారాల్లో, కొత్త తెరలు అర్ధరాత్రికి చైనాలోని ఫ్యాక్టరీకి చేరాయట. ఫోర్‌మన్ డార్మిటరీల్లో పడుకున్న 8,000 మందిని లేపి, తలా ఒక బిస్కట్టు, కప్పు టీ ఇచ్చి, అరగంటలో పన్నెండు గంటల షిఫ్టు మొదలుపెట్టించాడట. ఒక మాజీ అధికారి ఇది అమెరికాలో సాధ్యం కాని వేగం అని మెచ్చుకోలుగా చెప్పాడు. ఆ బిస్కట్టు నన్ను వదల్లేదు.

ఇంకోటి ఉంది, ఇది అధికారికంగా ఒప్పుకున్నది. సుజౌలో వింటెక్ అనే తైవాన్ కంపెనీకి టచ్ తెరలు చేసే ఫ్యాక్టరీ ఉండేది. తెరలు తుడవడానికి ఆల్కహాల్ బదులు ఎన్-హెక్సేన్ వాడారు, తొందరగా ఆరుతుందని. సరిగా గాలి ఆడని గదుల్లో ఆ ఆవిరి పీలిస్తే చేతులకీ కాళ్ళకీ పోయే నరాలు దెబ్బతింటాయి. ముందు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తర్వాత పట్టు పోతుంది, నడక పోతుంది. 137 మందికి ఇలా జరిగిందని ఆపిల్ 2011 ఫిబ్రవరిలో విడుదల చేసిన నివేదికలో రాసింది. కొన్ని సెకన్లు ముందుగా ఆరుతుందని వాడిన ద్రవం. ఆ గాజు మీద వేలిముద్ర ఉండకూడదు, అంతే. తుడిచిన వేళ్ళ ముద్ర కూడా.

ఇక అమ్మమ్మ ప్రశ్నకి వద్దాం. చెవి చిల్లు కాంతి లాంటిది కాదు. ఏ సిరా పూసినా శబ్దం దాటదు, చిల్లు పెట్టాల్సిందే. గాజుని గట్టిపరచకముందే కోయాలి, ఆ తర్వాత లవణంలో ముంచాలి. కోసిన ప్రతి అంచూ పగులు మొదలవగల చోటే. చిల్లులోకి చెమట, పౌడరు, దుమ్ము. డిజైనర్లకి అది కంట్లో నలుసు.

దాన్ని పూర్తిగా తీసేయడానికి ధైర్యం చేసినవాళ్ళలో షియోమి ఒకటి. మన రాష్ట్రాలకి ఆ కంపెనీతో చుట్టరికం ఉంది: అది భారత్‌లో చేయించిన మొదటి ఫోన్‌ని 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదల చేసింది. ఫాక్స్‌కాన్ శ్రీసిటీలో బిగించిన ఫోన్ అది. మరుసటి ఏడాది అక్టోబరులో బీజింగ్‌లో మీ మిక్స్ అని ఒకటి చూపించింది, ఫ్రెంచి డిజైనర్ ఫిలిప్ స్టార్క్ గీసింది. ముందువైపు 91.3 శాతం తెరే అని కంపెనీ చెప్పుకుంది. పైన అంచు లేదు, చెవి చిల్లు లేదు. సెన్సర్‌కి ఇన్‌ఫ్రారెడ్ కూడా లేదు. మనిషికి వినపడని శబ్దంతో దూరం కొలిచేది, అరవై ఏళ్ళ తర్వాత జెనిత్ రిమోట్ తిరిగొచ్చినట్టు. మాట వినపడటానికి లోపల పీజో సిరామిక్ ముక్క పెట్టారు. కరెంటు ఇస్తే వంగే పదార్థం అది. ఆ గుణాన్ని దాని తిరగేసిన రూపంలో, నొక్కితే కరెంటు పుట్టడంగా, 1880లో క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టారు. ఆ ముక్క వణికి ఫోన్ లోహపు చట్రాన్నే వణికిస్తుంది. ఫోన్ ఫోనంతా చెవి గూబే అన్నమాట.

వినడానికి ఎంత బావుంది! ఏడాది తిరిగేసరికి మీ మిక్స్ 2లో పైన సన్నటి సందులో మామూలు ఇయర్‌పీస్ మళ్ళీ వచ్చేసింది. చిల్లు ఒక్క శబ్దాన్నే కాదు, దిశని కూడా ఇస్తుంది. మాట ఇక్కడ మొదలవుతుంది, చెవి ఇక్కడ పెట్టు అంటుంది. పలకంతా మాట్లాడితే పక్కవాడికీ వినపడుతుంది. 2019లో ఎల్జీ, హువావే తెరనే వణికించి మాట వినిపించే ఫోన్లు తెచ్చాయి. అవీ ఆనవాయితీ కాలేదు. గెలిచింది సందే, కాకపోతే చట్రం అంచుకి తోసేసిన సందు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెతుక్కోవాల్సిన సందు.

అంచు చిక్కిపోయేకొద్దీ దాచడానికి చోటు లేకుండా పోయింది. 2017లో ఐఫోన్ టెన్ తెర నెత్తిన ఒక గాటు పెట్టుకుని వచ్చింది. అందులో ముఖం మీద 30,000 కనపడని చుక్కలు వేసే ప్రొజెక్టర్, వాటిని చూసే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, ఇంకా నాలుగైదు. జనం ఎగతాళి చేసి, తర్వాత అందరూ అదే కొన్నారు. కొందరు కెమెరాని ఫోన్ నెత్తిన పెరిస్కోపులా పైకి లేపారు. కొందరు తెరకే చిల్లు పెట్టారు. 2020లో జెడ్‌టీఈ కెమెరాని తెర కిందకే తోసి అమ్మింది. 2022లో ఆపిల్ ఐఫోన్ 14 ప్రోలో రెండు చిల్లులు పెట్టి, వాటి మధ్య ఖాళీని తెర మీద నల్లరంగుతో నింపి, మూడూ కలిపి ఒకే గుళికలా కనపడేలా చేసింది, పేరు డైనమిక్ ఐలాండ్. పదిహేనేళ్ళు నలుపు వెనక చిల్లుల్ని దాచారు. ఇప్పుడు లేనిచోట నలుపు గీసి, ఉన్న చిల్లుని పెద్దది చేసి చూపిస్తున్నారు.

ఆ గుళికలో ఒక వింత ఉంది, నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన వివరం. కెమెరా, మైకు ఎంత బాగా దాగిపోయాయంటే, అవి పనిచేస్తున్నాయో లేదో ఎవరికీ తెలియకుండా పోయింది. దాంతో 2020లో ఐఫోన్లలో, 2021లో ఆండ్రాయిడ్‌లో తెర మీద ఒక చుక్క పెట్టడం మొదలుపెట్టారు. ఆకుపచ్చ చుక్క కనపడితే కెమెరా చూస్తోందని. ఐఫోన్ 14 ప్రోలో ఆ చుక్క వెలిగేది రెండు చిల్లుల మధ్య, ఆ గీసిన నలుపులోనే. చిల్లు పోయింది, చిల్లు ఉందని చెప్పే బొమ్మ వచ్చింది.

అన్నిటికీ చుక్క లేదు. వెలుతురు సెన్సర్‌ని వాడుకోడానికి ఆండ్రాయిడ్ యాప్‌లు మనల్ని అనుమతి అడగవు. వెలుతురు ఎంతుందో తెలిస్తే ఏం పోతుంది అనుకున్నారు. 2024 జనవరిలో ఎంఐటీ పరిశోధకులు తెర మీద బొమ్మలు మారుస్తూ, తిరిగొచ్చే వెలుగులోని హెచ్చుతగ్గుల్ని ఆ ఒక్క సెన్సర్‌తో కొలిచి, తెర ముందున్న చేతి ఆకారాన్ని గీసి చూపించారు. మసక బొమ్మ, ఒక్కోదానికి నిమిషాలు పడుతుంది, రేపే ఎవరో మనింట్లోకి తొంగిచూస్తారని కాదు. కానీ మన కంటికి అంచుగా, ఏమీ లేని చోటుగా కనపడే ఆ నలుపు ఎప్పుడూ ఖాళీగా లేదన్నది మాత్రం నిజం. నా మటుకు నాకు, చిల్లులున్న ఫోన్ అందవికారమే అయినా, అది తనేంటో ముఖం మీదే చెప్పేది.

గ్లాస్ మార్చిన అబ్బాయి డబ్బు అడక్కుండా ఇంకో గ్లాస్ వేసిచ్చాడు. ఈసారి వేసేముందు రిమోట్‌తో పరీక్షించాడు, నాకూ చూపించాడు. ఊదా చుక్క వెలిగింది. "ముందే చూసుంటే అయిపోయేది," అన్నాడు తనలో తను.

మొన్న ఉగాదికి మళ్ళీ పాలకొల్లు వెళ్ళాను. అమ్మమ్మ ఇప్పుడు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుంటోంది. ఆశ్చర్యపోయి చూస్తే, అద్దం మీద పైన సరిగ్గా మధ్యలో ఒక ఎర్రటి స్టిక్కర్ బొట్టు. మా పిన్ని అంటించిందట, ఇక్కడ చెవి పెట్టమ్మా అని. వేలితో తడిమితే తెలుస్తోంది, చీకట్లో కూడా. "అంతా బానే ఉందిగానీ, ఫోన్ ఎత్తగానే తెర నల్లగా అయిపోతోందే, పెట్టేద్దామంటే ఎర్ర బటన్ కనపడదు," అంది.

బొట్టు సెన్సర్ మీదుంది. గోటితో మెల్లగా లేపి, ఒక వేలెడు పక్కకి జరిపి అంటించి, హాల్లోంచి ఆవిడకి ఫోన్ చేశాను.